కంచరగాడిదల కాపరి, ఖగోళ శాస్త్రజ్ఞుడు: మిల్టన్ హ్యూమసన్

పెద్దల జీవిత చరిత్రలు చదువునప్పుడు వారు చదివిన కళాశాలల పేర్లు, పొందిన పట్టములు మొదటి పుటలోనే కనబడుట పరిపాటి. అట్టి పుట లేని మహనీయుని చరిత్ర యిది. పదునాలుగేండ్లకు బడి మానివేసి, కొండదారిలో కంచరగాడిదలను తోలి, పిదప ఒక వేధశాలలో చీపురు పట్టి గదులూడ్చి, తుదకు విశ్వము విస్తరించుచున్నదను మహా సత్యమునకు కొలతలు సమకూర్చిన ఆ పురుషుని పేరు మిల్టన్ హ్యూమసన్. విద్యకు పాఠశాల ఒక్కటే ద్వారము కాదనియు, శ్రద్ధగల వానికి ద్వారములు మరికొన్ని కలవనియు తెలిసికొనుటకు ఈయన జీవితము చక్కని నిదర్శనము.

హ్యూమసన్ 1891వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిన్నెసోటా రాష్ట్రమున డాడ్జ్ సెంటర్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఆయన చిన్నతనముననే కుటుంబము పడమటి సముద్రతీరమునకు తరలిపోయెను. అచ్చట కాలిఫోర్నియాలో పాసడీనా పట్టణమునకు వెనుక గోడవలె నిలిచిన పర్వతశ్రేణిలో మౌంట్ విల్సన్ అను శిఖరము కలదు. దాని ఎత్తు సుమారు 5,700 అడుగులు. పదునాలుగవ యేట వేసవి సెలవులలో బాలురతో కలిసి ఆ కొండపై విడిదికి వెళ్లిన హ్యూమసన్, అచ్చటి అడవిని, నిర్మలమైన ఆకాశమును చూచి ముగ్ధుడయ్యెను. ఒక్క సంవత్సరము బడి మాని కొండపై ఉండుటకు అనుమతి నిమ్మని తలిదండ్రులను బ్రతిమాలి ఒప్పించెను. ఆ ఒక్క సంవత్సరము ఎన్నటికిని ముగియలేదు. ఆయన మరల బడి గడప త్రొక్కలేదు.

కొండపైనున్న చిన్న హోటలులో ఆ బాలునికి పని దొరికెను. అతిథుల సామానులు మోయుట, పాత్రలు కడుగుట, పశువులను చూచుకొనుట, చిల్లర మరమ్మతులు చేయుట ఆయన విధులు. అదే కాలమున ఆ శిఖరముపై ఒక మహత్కార్యము సాగుచుండెను. జార్జి ఎల్లెరీ హేల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్నెగీ సంస్థ ధనసహాయముతో 1904లో అచ్చట వేధశాలను స్థాపించెను. 60 అంగుళముల వ్యాసముగల అద్దముతో చేసిన దూరదర్శిని 1908లో అచ్చట నెలకొన్నది. భవనములకు, యంత్రములకు కావలసిన సామగ్రిలో అధిక భాగము కంచరగాడిదల వీపులపైననే శిఖరము చేరవలసియుండెను. దారి ఇరుకైనది, ఒక ప్రక్క నిటారైన కొండ, మరియొక ప్రక్క లోతైన లోయ. హ్యూమసన్ ఆ కంచరగాడిదల బారులను తోలు పనిలో చేరెను. కంచరగాడిద మొండి జంతువు. దాని నడక నెరిగి, తొందరపడక, దృష్టి మరల్చక నడిపించు వానికే అది లోబడును. పిమ్మట జీవితమంతయు ఆయనకు ఉపకరించిన గుణము లివియే.

వేధశాలలో ఇంజనీరుగా పనిచేయుచుండిన డౌడ్ అను నాతని కుమార్తె హెలెన్‌ను హ్యూమసన్ 1911లో వివాహమాడెను. రెండేండ్లకు ఒక కుమారుడు కలిగెను. సంసార భారము మీదపడగా ఆయన కొండ దిగివచ్చి, కొన్నియేండ్లు పొలముపని, తోటపని చేసికొని జీవించెను. అయినను మనస్సు కొండపైననే యుండెను. 1917లో వేధశాలలో పాకీపనికి, ఊడ్చు పనికి ఒక మనిషి కావలెనని మామగారు తెలియజేసిరి. అది గొప్ప ఉద్యోగము కాదు. ఇంటిగలవాడు, బిడ్డతండ్రి, స్వతంత్రముగా పనిచేసికొనుచున్నవాడు చీపురు పట్టుటకు వెనుకాడుట సహజము. హ్యూమసన్ వెనుకాడలేదు. ఆ సంవత్సరము నవంబరులో ఆ పనిలో చేరెను. సరిగా ఆ నెలలోనే వేధశాలలో 100 అంగుళముల క్రొత్త దూరదర్శిని మొదటిసారి ఆకాశమును చూచినది. దాని అద్దము ఒక్కటియే నాలుగున్నర టన్నుల బరువు. ఆనాటికి ప్రపంచములో దానిని మించిన దూరదర్శిని లేదు.

పగలు గదులూడ్చుచు, రాత్రులందు పరిశోధకులకు తోడుగా నిలుచుచు హ్యూమసన్ ఆ యంత్రముల మర్మములను ఒక్కొక్కటిగా గ్రహించెను. కొలదికాలములోనే ఆయనకు రాత్రి సహాయకుని పని లభించెను. దూరదర్శినిని కోరిన దిక్కునకు త్రిప్పుట, గోపురపు తలుపును దానికి అనుగుణముగా జరుపుట, ఫోటో పలకలను సిద్ధపరచుట, చీకటి గదిలో వానిని కడుగుట ఆయన నేర్చెను. నేర్పినవారును అచ్చటివారే. సేత్ నికల్సన్ అను శాస్త్రజ్ఞుడు ఆయనకు గణితము బోధించెను. హార్లో షాప్లీ అను మరియొకరు తన పరిశోధనలకు కావలసిన ఛాయాచిత్రములు తీయు పని ఆయనకు అప్పగించెను. షాప్లీ ఆ రోజులలో గోళాకార నక్షత్ర గుచ్ఛములను పరిశీలించుచుండెను. లక్షలకొలది నక్షత్రములు తేనెపట్టుపై ఈగలవలె క్రిక్కిరిసియుండు గుంపులను గోళాకార గుచ్ఛము లందురు. వాని దూరములను లెక్కించి, మన సూర్యుడు పాలపుంత నడుమ లేడనియు, ఒక ప్రక్కగా దూరమున నున్నాడనియు షాప్లీ 1918 ప్రాంతమున నిరూపించెను.

హ్యూమసన్ తీసిన పలకలు వేధశాలలోని పెద్దల పలకలకు తీసిపోకుండెను. ఒక్కొక్కప్పుడు వానిని మించియుండెను. అది గమనించిన హేల్ ఆయనను శాస్త్రజ్ఞుల వర్గములో చేర్చదలచెను. కొందరు అభ్యంతరము చెప్పిరి. పట్టభద్రుడు కాదు, ఉన్నత పాఠశాలయైనను ముగించలేదు, పైగా వేధశాల ఇంజనీరుకు అల్లుడు. ఇట్టివానిని నియమించినచో లోకము ఏమనుకొనునని వారి శంక. ఆ శంక పూర్తిగా నిరాధారమని చెప్పుటకు వీలులేదు. బంధుత్వమును చూచి ఉద్యోగము లిచ్చుట ఏ దేశములోనైనను సంస్థలకు చేటు తెచ్చును. కాని హేల్ చూచినది బంధుత్వమును కాదు, పలకలను. ఆయన తన నిర్ణయమును మార్చుకొనలేదు. 1922 నాటికి హ్యూమసన్ సహాయ ఖగోళ శాస్త్రజ్ఞుడుగా నుండెను. చేతిపనిని చూచి మనిషిని అంచనా కట్టగల అధికారి ఆనాడు ఆ సంస్థలో లేకున్నచో ఈ చరిత్ర ఇంతటితో ముగిసియుండెడిది.

ఆ తొలి సంవత్సరములలో రెండు పర్యాయములు కీర్తి ఆయన ముంగిలి వరకు వచ్చి మరలిపోయెను. నెప్ట్యూనుకు ఆవల మరియొక గ్రహము ఉండవచ్చునని పికరింగ్ అను శాస్త్రజ్ఞుడు లెక్కకట్టగా, 1919లో దానికై మౌంట్ విల్సన్‌లో ఛాయాచిత్రములు తీయు పని హ్యూమసన్‌కు వచ్చెను. ఆ పలకలలో గ్రహము కనబడలేదని అందరు తలచిరి. 1930లో క్లైడ్ టాంబా ప్లూటోను కనుగొనిన పిమ్మట పాత పలకలను మరల వెదకగా, 1919 నాటి ఆ పలకలలోనే ప్లూటో చుక్క దాగియున్నట్లు బయటపడెను. రెండవది ఆండ్రోమెడా నీహారికకు సంబంధించిన సంగతి. ఆ నీహారిక ఛాయాచిత్రములో కాంతి హెచ్చుతగ్గులగు చుక్కలు కొన్ని హ్యూమసన్‌కు కనబడెననియు, ఆయన పలకపై సిరాతో గుర్తులుపెట్టి షాప్లీకి చూపెననియు, అట్టివి అచ్చట ఉండజాలవని షాప్లీ వివరించి ఆ గుర్తులను చేతిరుమాలుతో తుడిచివేసెననియు ఒక కథ ఆ వేధశాలలో చాలాకాలము చెప్పుకొనిరి. అట్టి చుక్కనే 1923లో ఎడ్విన్ హబుల్ గుర్తించి, ఆండ్రోమెడా మన పాలపుంతకు వెలుపలనున్న వేరొక నక్షత్ర ప్రపంచమని నిర్ధారించి జగద్విఖ్యాతు డయ్యెను. హ్యూమసన్ ఈ నష్టములను తలచుకొని కుములుచు కూర్చుండినవాడు కాడు. తన పని తాను చేయుచుండెను.

ఇచ్చట నీహారికలను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఆకాశములో మబ్బుతునకలవలె మసకగా కనబడు వానిని పూర్వము నీహారిక లనిరి. వానిలో అనేకములు నిజమునకు మన పాలపుంతవంటి మహా నక్షత్ర సమూహములు. నేడు వానిని గెలాక్సీలని పిలుచుచున్నారు. కొన్ని సుడిగుండము ఆకారములో నుండును. మరికొన్ని కోడిగ్రుడ్డువలె నునుపుగా, నడుమ మిక్కిలి ప్రకాశముతో నుండును. వీనిని దీర్ఘవృత్తాకార గెలాక్సీలందురు. గెలాక్సీలు గుంపులు గుంపులుగా నుండుచోట్ల ఈ రెండవ రకములో మహాకాయములైనవి గుంపు నడుమ పెద్ద ముత్తైదువవలె కూర్చుండి కనబడును.

వీని చలనమును తెలిసికొనుట ఎట్లు? కాంతి వలననే. సూర్యకిరణము గాజు పట్టకముగుండా పోయినప్పుడు ఇంద్రధనుస్సులోని రంగులుగా విడివడుట అందరెరిగినదే. ఆ రంగుల పట్టీకి వర్ణపట మని పేరు. నక్షత్రముల వర్ణపటములలో అచ్చటచ్చట సన్నని నల్లగీతలుండును. ఒక్కొక్క మూలపదార్థమునకు ఒక్కొక్క గీతల వరుస కలదు. సున్నములోనుండు కాల్షియము అను ధాతువు ఊదారంగు కొసను రెండు స్ఫుటమైన గీతలు గీయును. రైలుబండి మనవైపు వచ్చుచున్నప్పుడు దాని కూత సన్నగను, దాటిపోవుచున్నప్పుడు బొంగురుగను వినబడును గదా! కాంతికిని అట్టి మార్పు కలదు. మననుండి దూరముగా పోవు వస్తువుల గీతలు తమ సహజ స్థానమును విడిచి ఎరుపు వైపునకు జరుగును. ఎంత జరిగినవో కొలిచినచో వేగమెంతయో తెలియును.

ఈ మార్గమున మొదట నడిచినవాడు లోవెల్ వేధశాలలోని వెస్టో స్లైఫర్. ఆయన 24 అంగుళముల చిన్న దూరదర్శినితో 1912లో ఆండ్రోమెడా వేగమును కొలిచెను. తరువాతి సంవత్సరములలో నలుబదికి పైగా నీహారికలను కొలువగా, వానిలో అధికభాగము మననుండి దూరముగా పోవుచున్నట్లు తెలిసెను. అంతకంటె మసకగా నున్నవి ఆ దూరదర్శినికి అందలేదు. దూరమునకు, వేగమునకు ఏదో సంబంధమున్నదను ఊహ అప్పటికే శాస్త్రజ్ఞులలో మొలకెత్తెను. బెల్జియము దేశస్థుడగు లెమేత్ర్ 1927లోనే ఆ సంబంధమును గణితముతో సూచించియుండెను. హబుల్ 1928లో హాలండు దేశమున జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభనుండి తిరిగివచ్చి, దూరపు నీహారికల వేగములను 100 అంగుళముల దూరదర్శినితో కొలువవలెనని సంకల్పించెను. దూరములు తేల్చుట తన పని. వేగములు కొలుచుట హ్యూమసన్ పని. ఒకరు ఆక్సుఫర్డులో న్యాయశాస్త్రము చదివినవారు. మరియొకరు కొండదారిలో కంచరగాడిదలతో నడచినవారు. ఆ ఇరువురి జంట పావు శతాబ్దము చెదరలేదు.

పెగాసస్ అను రెక్కల గుర్రపు నక్షత్రరాశిలో కొన్ని నీహారికలు గుంపుగా నున్నవి. వానిలో పట్టికలందు 7619 అను సంఖ్యగల మహాకాయమైన దీర్ఘవృత్తాకార నీహారికను హ్యూమసన్ తొలి లక్ష్యముగా నెన్నుకొనెను. దాని కాంతి నడుమ ముద్దకట్టియుండుట వర్ణపటమునకు అనుకూలము. అయినను ఆ కాంతి ఎంత స్వల్పమనగా, దానిని రంగులుగా విడదీసినప్పుడు ఫోటో పలకపై జాడ పడుటకు ఒక రాత్రి చాలదు. మొదటి పలకకు 33 గంటలు, రెండవ పలకకు 45 గంటలు కాంతి నందించవలసివచ్చెను. చంద్రుడు లేని నిర్మలమైన రాత్రులే పనికివచ్చును. తెల్లవారుజామున పలకను చీకటిలో భద్రపరచి, మరునాటి రాత్రి అదే పలకను, అదే నీహారికకు ఎదురుగా, వెంట్రుకవాసి తేడా లేకుండ నిలిపి పని కొనసాగించవలెను.

ఆ రాత్రుల శ్రమ ఎట్టిదో ఊహించుట కష్టము. గోపురములో నిప్పు ఉంచరాదు. వెచ్చని గాలి లేచినచో ప్రతిబింబము చెదరును. చలికాలపు రాత్రులందు కొండ శిఖరమున చేతులు కొంకర్లు పోవును. భూమి తిరుగుచుండుటచే దూరదర్శిని కూడ గడియారపు యంత్రముతో తిరుగుచుండును. ఆ తిరుగుడులో లేశమాత్రము తప్పు వచ్చినను నీహారిక కాంతి సన్నని చీలికనుండి తొలగిపోవును. కావున పరిశీలకుడు కన్ను మరల్చక, గంటలకొలది ఒకే భంగిమలో నిలిచి, మీటలు నొక్కుచు దానిని సరిదిద్దుచుండవలెను. ఒక్క నిమిషపు అజాగ్రత్త అనేక రాత్రుల పంటను పాడుచేయగలదు. ఇట్లు సంపాదించిన వర్ణపటము చేతి గోటికంటెను చిన్నది. దానిని సూక్ష్మదర్శిని క్రింద నుంచి, కాల్షియపు గీతలు ఎంత జరిగినవో కొలువవలెను. ఆ జరుగుడు మిల్లీమీటరులో కొంత భాగము మాత్రమే.

కొలతలో వచ్చిన అంకె సెకనుకు 3,779 కిలోమీటర్లు. అప్పటివరకు ఏ నీహారికకును తెలిసిన గరిష్ఠ వేగమునకు ఇది సుమారు రెట్టింపు. కాంతి వేగములో సుమారు ఎనుబదవ వంతు. 1929లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు పత్రికలో హ్యూమసన్ వ్రాసిన రెండు పుటల వ్యాసము, దాని వెంటనే హబుల్ వ్రాసిన వ్యాసము ప్రకటింపబడెను. నీహారిక ఎంత దూరముననున్నచో అంత వేగముగా మననుండి తొలగిపోవుచున్నదని హబుల్ అందులో చూపెను. ఆ వ్యాసములోని వేగములలో అధికభాగము స్లైఫర్ కొలిచినవి. దగ్గరి నీహారికలలో కనబడిన ఆ నియమము దూరమునను నిలుచునా యను ప్రశ్నకు మొదటి సాక్ష్యము హ్యూమసన్ పలక ఇచ్చినది. అది కాదని చెప్పియున్నచో ఆ నియమము అచ్చటనే వీగిపోయియుండెడిది.

ఇంతటి విజయము పిమ్మట హ్యూమసన్‌కు కలిగిన భావము ఉత్సాహము కాదు, అలసట. ఒక్కొక్క నీహారికకు వారముల తరబడి చలిలో నిలుచుట ఇక తనవల్ల కాదని ఆయన వెనుదీసెను. అప్పుడు హేల్ ఆయనను పిలిపించి, కాంతిని మరింత త్వరగా గ్రహించు క్రొత్త పరికరమును చేయించెదనని నచ్చజెప్పెను. బాష్ అండ్ లాంబ్ అను కటకముల సంస్థలోని రేటన్ అను నిపుణుడు సూక్ష్మదర్శిని కటకమును తలక్రిందులు చేసినట్టి ఒక ప్రత్యేక కటకమును రూపొందించెను. దానితో పని అనేక రెట్లు వేగవంతమయ్యెను. హ్యూమసన్ మరల చలిలోనికి నడచెను.

అటుపిమ్మట అంకెలు ఒకదానిని మించి ఒకటి పెరుగసాగెను. 1931 నాటికి సింహరాశిలోని నీహారికల గుంపు వేగము సెకనుకు సుమారు 20,000 కిలోమీటర్లని తేలెను. స్వాతీ నక్షత్రమున్న బూటీస్ రాశిలోని గుంపునకు 39,000. సప్తర్షి మండలమువైపునున్న మరియొక గుంపునకు 42,000 కిలోమీటర్లు. ఇది 1936 ప్రాంతము. కాంతి వేగములో ఏడవ వంతు. ఆ దూరదర్శిని శక్తి అంతటితో ముగిసెను. ప్రతి గుంపులోను ఆయన మొదట వెదకినది మిక్కిలి ప్రకాశముగల మహా దీర్ఘవృత్తాకార గెలాక్సీనే. వానిలోనివి వృద్ధ నక్షత్రములు; వాని కాంతిలో కాల్షియపు గీతలు స్ఫుటముగా నుండును.

మిగిలిన పనికి మరింత పెద్ద కన్ను కావలసివచ్చెను. పాలోమార్ కొండపై 200 అంగుళముల దూరదర్శిని 1948లో ప్రారంభింపబడెను. దానిని తలపెట్టిన హేల్ 1938లోనే కాలధర్మము చెందెను. ఆయన పేరే దానికి పెట్టిరి. దాని అద్దము బరువు 14½ టన్నులు. పరిశీలకుడు దూరదర్శిని గొట్టములోపలనే, అద్దమునకు ఎదురుగా ఎత్తున వ్రేలాడు పంజరమువంటి గదిలో కూర్చుండి రాత్రియంతయు పనిచేయును. అరువది యేండ్ల వయస్సు సమీపించినను హ్యూమసన్ ఆ పంజరము నెక్కెను. 1951 నాటికి జలసర్ప రాశిలోని నీహారికల గుంపు వేగము సెకనుకు సుమారు 61,000 కిలోమీటర్లని, అనగా కాంతి వేగములో అయిదవ వంతని ఆయన తేల్చెను. హబుల్ ప్రతిపాదించిన నియమము అంతవరకును చెదరలేదు.

హబుల్ 1949లో గుండెజబ్బుతో బాధపడి, 1953లో మరణించెను. పావు శతాబ్దపు పని అసంపూర్తిగా మిగులునేమోయను భయము కలిగెను. హ్యూమసన్, లిక్ వేధశాలకు చెందిన నికోలస్ మేయాల్, యువకుడగు ఆలన్ సాండేజ్ కలిసి ఆ పనిని ముగించి 1956లో ప్రకటించిరి. అందులో మౌంట్ విల్సన్, పాలోమార్‌లలో కొలిచిన 620 గెలాక్సీల వేగములు, లిక్‌లో కొలిచిన 300 గెలాక్సీల వేగములు కలవు. అనేక సంవత్సరముల వరకు ప్రపంచములోని ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ పట్టికనే ఆధారముగా గొనిరి.

హ్యూమసన్ సిద్ధాంతముల జోలికి పోలేదు. విశ్వము ఎట్లు పుట్టినది, ఎందుకు విస్తరించుచున్నదను వాదములను ఇతరులకు విడిచి, తాను కొలుచుటయందే నిమగ్నుడయ్యెను. కాలము ఆయన పక్షముననే తీర్పుచెప్పినది. హబుల్ నిర్ణయించిన దూరములు నిజమైన వానికంటె చాల తక్కువయని తరువాత తేలగా వానిని ఎన్నియో రెట్లు పెంచవలసివచ్చెను. 7619 నీహారిక పదిహేను కోట్ల కాంతి సంవత్సరములకు పైగా దూరముననున్నదని నేటి లెక్క. కాని దాని వేగమును నేటి యంత్రములు కొలిచి చెప్పునది సెకనుకు సుమారు 3,760 కిలోమీటర్లు. హ్యూమసన్ చలిలో వణకుచు, కంటితో గురిచూచి సాధించిన అంకెకును దీనికిని గల తేడా ఇరువది కిలోమీటర్లు మాత్రమే. చక్కగా చేసిన కొలతకు వార్ధక్యము లేదు.

అయినను లోకము హబుల్ పేరును ఎరిగినంతగా హ్యూమసన్ పేరును ఎరుగదు. నియమమునకు హబుల్ పేరు నిలిచెను. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘము లెమేత్ర్ పేరును దానికి జోడించుట ఉచితమని తీర్మానించెను. స్లైఫర్, హ్యూమసన్ల పేర్లు అందులో చేరలేదు. గోపుర కలశము దూరమునుండి కనబడును, పునాదిరాయి కనబడదు. గౌరవము లసలే దక్కలేదని కాదు. స్వీడను దేశములోని లుండ్ విశ్వవిద్యాలయము 1950లో ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. పదునాలుగేండ్లకు బడి మానినవాడు దాదాపు అరువది యేండ్ల వయస్సున డాక్టరయ్యెను. తాను ఊడ్చిన వేధశాలకే కార్యదర్శిగా పనిచేసి, 1957లో విశ్రాంతి గైకొనెను. చంద్రునిపై ఒక బిలమునకు, సూర్యుని చుట్టు తిరుగు ఒక చిన్న గ్రహమునకు ఆయన పేరు పెట్టిరి.

విశ్రాంతి పిమ్మటను ఆయన కన్ను ఆకాశమును విడువలేదు. 1961 సెప్టెంబరులో పాలోమార్‌లో తీసిన పలకపై ఒక క్రొత్త తోకచుక్కను ఆయన కనుగొనెను. అది సూర్యునికి చాల దూరముననున్నప్పుడే విశేషముగా ప్రజ్వరిల్లి శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచెను. పూర్వము ప్లూటో తప్పిపోయిన చేతికి ఈ తోకచుక్క దక్కినది. 1972 జూన్ 18వ తేదీన కాలిఫోర్నియాలోని మెండొసీనో సమీపమున తన 80వ యేట ఆయన దివంగతు డయ్యెను.

ఆయన త్రొక్కిన బాట నేడు రాజమార్గమైనది. కన్యారాశిలో సుమారు అయిదున్నర కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఎం 87 అను మహా దీర్ఘవృత్తాకార గెలాక్సీ కలదు. మన పాలపుంత చుట్టు గోళాకార గుచ్ఛములు నూటయేబది, కొంచె మెక్కువగా తెలియగా, దాని చుట్టు పది వేలకు మించి యున్నవి. అవి ఇంత దూరమునుండి మసక చుక్కలుగా మాత్రమే కనబడును. 1955లో విలియం బామ్ వానిని గుచ్ఛములుగా గుర్తించెను. 1990ల దశకమున హవాయి దీవిలోని కెక్ దూరదర్శినితో ఆ గుచ్ఛములలో రెండువందలకు పైగా వర్ణపటములు తీసి వేగములు కొలిచిరి. అవి తిరుగు వేగమును బట్టి చూడగా, కంటికి కనబడు నక్షత్రముల బరువుకంటె ఎన్నియో రెట్లు బరువైన చీకటి పదార్థము ఆ గెలాక్సీని ఆవరించియున్నదని తేలెను. గుచ్ఛములు తూనికరాళ్లవలె ఉపయోగపడినవి. గెలాక్సీ ముద్ద కాంతినుండి గెలాక్సీ వేగమును హ్యూమసన్ తెలిసికొనెను. గెలాక్సీ చుట్టునున్న ఒక్కొక్క గుచ్ఛపు వేగమును తరువాతివారు తెలిసికొనిరి. పద్ధతి అదే, గీతలు జరుగుటను కొలుచుటయే.

ఆయన సహచరుడు మేయాల్ పేరుపెట్టిన నాలుగు మీటర్ల దూరదర్శిని అరిజోనా రాష్ట్రములోని కిట్ పీక్ కొండపై నున్నది. 2021 నుండి అచ్చట ఒకేసారి అయిదువేల గెలాక్సీల, నక్షత్రముల వర్ణపటములు తీయు యంత్రముతో ఆకాశమును కొలుచుట ఆరంభించిరి. ఒక గెలాక్సీకి 45 గంటలు నిలిచిన రోజులనుండి శాస్త్రము ఇంత దూరము వచ్చినది.

మన ప్రాంతమునకును ఈ కథలో ఒక దారపుపోగు కలదు. హైదరాబాదులో నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడుగా పెరిగి, నిజాము కళాశాలలో చదివిన వేణు బప్పు అమెరికా వెళ్లి, మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలలో కార్నెగీ పరిశోధకుడుగా పనిచేసెను. అది హ్యూమసన్ ఆ వేధశాలల ఉద్యోగిగా నుండిన కాలమే. ఆలిన్ విల్సన్‌తో కలిసి బప్పు 1957లో ప్రకటించిన సుప్రసిద్ధ ఫలితము కూడ కాల్షియపు గీతను గూర్చినదే. ఆ గీత వెడల్పును బట్టి నక్షత్రపు నిజమైన ప్రకాశమును తెలిసికొనవచ్చునని వారు చూపిరి. హ్యూమసన్‌కు గెలాక్సీల వేగము చెప్పిన గీతయే బప్పుకు నక్షత్రముల వెలుగును చెప్పినది.

హ్యూమసన్ జీవితమును చదివి, చదువు అనవసరమని భావించుట పొరపాటు. ఆయన బడి మానెనేగాని చదువు మానలేదు. నికల్సన్ గణితము నేర్పెను, షాప్లీ పని నేర్పెను, హేల్ అవకాశమిచ్చెను. నేర్పువారు, నమ్మువారు, పని చేయుటకు ఒక చోటు దొరికినందుననే ఆయన శ్రద్ధ ఫలించినది. అట్టి చోటు దొరకక మరుగునపడిన శ్రద్ధావంతులు ప్రతి దేశములోను, ప్రతి గ్రామములోను ఉందురు. చదువు మానవలసివచ్చిన బాలునికి, పొలముపని ముగించుకొని సాయంకాలము వచ్చు రైతునకు, సంసారపు పనుల నడుమ తీరిక చేసికొను గృహిణికి గ్రంథాలయము అట్టి చోటు. అచ్చట ఎవరును పట్టములు అడుగరు. శ్రద్ధ ఒక్కటి యున్న చాలును. ఈ పుస్తకపు బీరువాల నడుమ కూర్చుండి చదువుకొను బాలబాలికలలో ఏ హ్యూమసన్ దాగియున్నాడో ఎవరు చెప్పగలరు? వారికి తలుపు తెరచి, దీపము వెలిగించియుంచుట పెద్దల విధి.